శ్రీరంగప్ప గారి రాజధానులు

శ్రీరంగప్ప గారు ఇల్లు దాటితే రాజధానిలో తప్ప అన్నం ముట్టరు.

ఇప్పటి రాజధానే కానక్కర లేదు. రాజు బతికి ఉండనక్కర లేదు. కోట పడిపోయినా ఫరవాలేదు, పడిపోతే మరీ మంచిది. కానీ ఏదో ఒక కాలంలో, ఎవరో ఒక రాజు అక్కడ కూర్చుని రాజ్యం ఏలి ఉండాలి. అలా ఏలినట్టు రుజువైతే ఆయన చేతులు కడుక్కుని బాసింపట్టు వేసుక్కూర్చునేవారు. రుజువు కాకపోతే గ్లాసుడు మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, బస్సెక్కేవారు. ఎండాకాలం మధ్యాహ్నమైనా సరే, పక్కన బజ్జీలు వేగుతున్నా సరే.

ఆయనది ధర్మవరం. పట్టుచీరల వ్యాపారం. అనంతపురంలో మా పక్కిల్లు కొనుక్కుని కాపురం పెట్టారు. నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. దేశంలో ఏ ఊరు ఎవరి రాజధానో తేల్చవలసిన అవసరం దినదినమూ పడే మనిషికి పక్కింట్లో చరిత్ర లెక్చరర్ దొరకడం దైవఘటన అని అందరూ అనేవారు. నా అభిప్రాయం ఆయన ప్రతిసారీ అడిగేవారు. ఒక్కసారీ ఒప్పుకునేవారు కాదు.

"మరి అనంతపురంలో ఇంట్లో ఎట్లా తింటున్నారండీ? ఇది ఎవరి రాజధాని?" అని కొత్తలో ఒకసారి అడిగాను.

ఆయన గొంతు తగ్గించి వంటింటి వైపు చూశారు. లోపల ఆయన భార్య హనుమంతమ్మ గారు పనిమనిషికి ఏదో ఆజ్ఞ జారీ చేస్తున్నారు.

"వినపడతాంది గదా సారూ," అన్నారు. "రాజ్యం నడస్తాంది. ఇంగ రాజధాని కాకుండా ఎట్ల పోతాది?"

కదిరిలో జరిగిన సంగతి నేను కళ్ళారా చూశాను. ఇద్దరం పనిమీద వెళ్ళి బస్టాండు ఎదుట హోటల్లో కూర్చున్నాం. హోటలాయన పేరు సుంకప్ప. శ్రీరంగప్ప గారికి పాత పరిచయం. పెనం మీంచి అప్పుడే తీసిన దోసె, మీద ఎర్రకారం, పక్కన పప్పుల చట్నీ తెచ్చి పెట్టాడు. శ్రీరంగప్ప గారు పళ్ళెం నా వైపు జరిపారు.

"తినన్నా, నా కోసం తిను," అన్నాడు సుంకప్ప.

"కదిరి ఎవరి రాజధానప్పా?"

"నరసింహస్వామి ఏలే ఊరు గదన్నా ఇది!"

"దేవుడు ఏలితే పుణ్యక్షేత్రం. రాజు ఏలితే రాజధాని. రెండూ వేరే వేరే డిపార్టుమెంట్లు. మజ్జిగ తీసుకరా."

ఆ దోసె నేను తిన్నాను. నా దోసె కూడా నేనే తిన్నాను. చరిత్ర చదివినందుకు నాకు కలిగిన ప్రత్యక్ష లాభాల్లో అది మొదటిది.

బుక్కరాయసముద్రం విషయంలో మా ఇద్దరికీ పెద్ద వాదమే జరిగింది. ఊరి పేరులోనే రాయలున్నాడు, ఇంకేం కావాలన్నాను. శ్రీరంగప్ప గారు తల అడ్డంగా ఊపారు.

"చెరువు తవ్విస్తే రాజధాని అయితాదా సారూ? రాజు వచ్చినాడు, తవ్వించినాడు, పోయినాడు. పేరు పెట్టుకున్నంత మాత్రాన ఏమొస్తాది? మా మేనల్లుని పేరు చక్రవర్తి. కాఫీపొడి అంగట్లో పొట్లాలు కడతాండాడు."

నిజమైన రాజధానికి వెళితే మాత్రం ఆయన్ను చూడాలి. అక్కడ ఆయనకు ఒక క్రమం ఉంది. ముందు నీళ్ళు, తర్వాత తిండి, ఆఖర్న కోట. ఈ క్రమం తప్పించడానికి పురావస్తు శాఖవారికి కూడా అధికారం లేదు.

నీళ్ళు నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, పుక్కిట అటూ ఇటూ తిప్పి, మింగి, ఆ రాజ్యం ఎందుకు పడిపోయిందో చెప్పేవారు. బిజాపూర్‌లో ఒక బావి నీళ్ళు అలాగే మింగి చాలాసేపు మౌనంగా ఉన్నారు. "ఈ ఉప్పు నీళ్ళు తాగి అంత గుమ్మటం కట్టినారంటే, మనుషులు కాదప్పా వాళ్ళు," అన్నారు చివరికి. తర్వాత ఒక సందులో జొన్నరొట్టెలు కొడుతున్న ఒకామె ముందు కూర్చుని, గుత్తివంకాయతో మొదలుపెట్టారు. ఆమె చేతులు నొప్పిపుట్టి ఆపిందే గానీ ఆయన ఆపలేదు. మేం గోల్ గుంబజ్ చేరేసరికి కాపలావాడు తలుపు మూస్తున్నాడు.

"ఇంత దూరం వచ్చి ఇది చూడకపోతే ఎలా అండీ?" అన్నాను.

"గుమ్మటం యాడికి పోతాది సారూ? ఇన్నేండ్ల నుంచి ఆడే ఉండాది. రొట్టె చల్లారిపోతే మళ్ళా వస్తుందా?"

శ్రీరంగపట్నంలో కావేరిలో మోకాళ్ళ లోతు దిగి, దోసిలి పట్టి తాగి, అనంతపురం జిల్లావాడు మాత్రమే అనగలిగిన మాట అన్నారు. "ఇన్ని నీళ్ళు పెట్టుకొని వీళ్ళు యుద్ధాలు చేసిందెందుకు సారూ? కూర్చొని తాగుతా ఉండొచ్చు గదా!" గోల్కొండలో కింద చప్పట్లు కొడితే పైన వినబడుతుందని గైడు చూపించినప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు. ఆయన ఆశ్చర్యపోలేదు. ఒక చప్పట్టుకు టీ, రెండు చప్పట్లకు బిస్కెట్లు అని ఏర్పాటు చేసుకుని ఉంటే ఆ కోట ఎన్నటికీ పడిపోయేది కాదని తేల్చారు. ఆ మధ్యాహ్నం ఇరానీ టీ కొట్టులో కూర్చుని ఈ సిద్ధాంతాన్ని నిరూపించడానికి కావలసినంత సామగ్రి స్వయంగా సేవించారు.

ఇలాంటి మనిషి తానొక్కడే తిరిగి ఊరుకుంటే చరిత్రకు నష్టమని తోచిందేమో, ఏడాదికోసారి మా వీధివాళ్ళందరినీ ఒక వ్యానులో కూర్చోబెట్టి ఏదో ఒక రాజధానికి తీసుకుపోవడం మొదలుపెట్టారు. వ్యాను పీర్ మహమ్మద్‌ది. బండి నడపడం, ఆకలేస్తున్నదని అందరికంటే ముందు చెప్పడం అతని పనులు.

"అన్నా, ఈ ఊరు రాజధానేనా?"

"కాదు. పోనీ."

"అన్నా, ఇదన్నా?"

"తాలూకా ఆఫీసుండాది. రాజధాని కాదు. పోనీ."

"అన్నా, ఆకలికి స్టీరింగు రెండుగా కనపడతాంది."

"రెండూ పట్టుకో."

వ్యానులో ఎక్కేవారికి ఒక కట్టుబాటు ఉండేది. ఇంటి తిండి తేగూడదు. రాజధానికి పోయి పులిహోర పొట్లం విప్పడం ఆయన దృష్టిలో రాజద్రోహం. బయలుదేరే ముందు సంచులు తడిమి చూసేవారు. అయినా ఎర్రిస్వామి గారు తెచ్చేవారు. ఎర్రిస్వామి గారు మా వీధిలో ఉండే సహకార శాఖ ఆఫీసరు. పరిశుభ్రత ఆయన మతం. కాచి చల్లార్చిన నీళ్ళు ఫ్లాస్కులో, పులిహోర స్టీలు డబ్బాలో, ఆ డబ్బా ఫైళ్ళ మధ్య, ఫైళ్ళు చేతిసంచిలో. ప్రభుత్వ కాగితాలు తడిమే ధైర్యం శ్రీరంగప్ప గారికి లేదు.

ఎనభైలలో ఒక కరువేడు, ఆగస్టు పదిహేను సెలవులకు హంపికి వెళ్ళాం. శ్రీరంగప్ప గారు తుంగభద్ర నీళ్ళు తాగారు. హోసపేటలో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు విజయనగర సైన్యం తిన్నంత తిన్నారు. ఆకాశం వైపు చూసినవాళ్ళకు మాత్రం తిన్నది సహించలేదు. ఒక్క మబ్బు లేదు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా విత్తు పడని చేలే.

దగ్గర దారి అని పీర్ మహమ్మద్ బెళుగుప్ప వైపు మట్టిరోడ్డు పట్టించాడు. మిట్టమధ్యాహ్నం ఎర్రబండపల్లి అనే ఊరి ముందర ఇంజను పొగలు కక్కింది.

"నీళ్ళు లేవన్నా లోపల," అన్నాడు బానెట్ ఎత్తి. "ఎవురన్నా ఒక బిందెడిస్తే పోతాం."

కరువులో నీళ్ళు అడగడమంటే ఏమిటో అందరికీ తెలుసు గనుక అడగడానికి ఎవరూ దిగలేదు. అడగకుండానే ఒకామె బిందె చంకన పెట్టుకుని వచ్చింది. నడివయసు మనిషి. నెత్తిన చుట్టకుదురు ఇంకా అలాగే ఉంది. పేరు చెన్నమ్మ అని తర్వాత తెలిసింది. మనుషుల సంగతి అడక్కముందే వ్యానుకు నీళ్ళిచ్చిన ఊరు అది.

"బండి చల్లారేదాకా ఎండలో ఏం కూర్చుంటారు? దిగి రాండి. ఈ పొద్దు మా వానరాజు సంగటి," అంది చెన్నమ్మ.

పట్నం పాఠకుల కోసం ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. వాన ముఖం చాటేసిన ఏడు, మా వైపు పల్లెల్లో మట్టితో వానరాజు బొమ్మ చేసి, చెక్కపలక మీద కూర్చోబెట్టి, వేపమండలు చుట్టి, ఒకరు నెత్తిన మోస్తూ ఇల్లిల్లూ తిరుగుతారు. వెంట వచ్చేవాళ్ళు వానపాటలు పాడతారు. ప్రతి గడపలోనూ బొమ్మ మీద చెంబెడు నీళ్ళు పోసి, తమకున్న గింజలో పిండో ఇస్తారు. ఒకరు జొన్నలు, ఒకరు రాగులు, ఒకరు కొర్రలు. ఆఖరి రోజు అదంతా కలిపి ఒకే కుండలో ఉడికించి ఊరంతా తింటారు. ఎర్రబండపల్లి పలకను నెత్తిన మోసిన మనిషి చెన్నమ్మ.

ఊరి బయట ఒక పెద్ద బండ నీడలో మూడు రాళ్ళ మీద కుండ ఉడుకుతోంది. పక్కన పలక మీద మట్టిరాజు, నీళ్ళు పోసి పోసి ముక్కు కరిగిపోయి, కొంచెం దిగులుగా కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో పెద్దా చిన్నా అందరూ చుట్టూ చేరి ఉన్నారు. కుండ మాత్రం ఆ జనానికే చాలేట్టు లేదు.

"కూర్చోండి," అంది చెన్నమ్మ. "ఈ పొద్దు మా ఊళ్ళో కాలు పెట్టినోళ్ళు ఎవురైనా సరే, రాజు ముద్ద తినకుండా పోగూడదు. ఒక్కరు వట్టి కడుపుతో ఊరు దాటినా మేం తిరిగిందంతా దండగే. వాన రాదు."

మావాళ్ళు కుండలోకి తొంగిచూశారు. సంగటి ఎర్రగానూ లేదు, తెల్లగానూ లేదు. ఒక్కొక్క ఇంటి రంగు ఒక్కొక్క చోట పొడచూపుతోంది. మావాళ్ళ ముఖాలు కూడా క్రమంగా ఆ రంగుకే తిరిగాయి. ఎర్రిస్వామి గారు రుమాలు ముక్కు దాకా తీసుకువెళ్ళి, బాగుండదని చెమట తుడుచుకున్నారు. అప్పుడు ఆయనకొక మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"తల్లీ, నీ మాట కాదనేదానికి లేదు. కానీ మాకొక నియమం ఉండాదమ్మా. రాజధానిలో తప్ప మేము తినము. ఇదో, మా పెద్దాయన శ్రీరంగప్ప గారు పెట్టిన కట్టుబాటు."

అంతవరకూ ఆ నియమాన్ని తిట్టుకోని వాడు వ్యానులో లేడు. ఒక్క క్షణంలో అందరూ పరమ నిష్ఠాపరులైపోయారు. అవునమ్మా నియమం, అవునవును, ఎప్పట్నుంచో ఉండాది అంటూ తలలూపారు. పొద్దున పులిహోర తిన్న నోటితోనే ఎర్రిస్వామి గారు అందరికంటే గట్టిగా నిష్ఠ ప్రకటించారు.

చెన్నమ్మకు కోపం రాలేదు. "రాజధాని అంటే ఏందన్నా?" అని అడిగింది.

"రాజులుండే ఊరమ్మా."

ఆమె వెనక్కి తిరిగి తన ఊరిని ఒకసారి చూసుకుంది. "మా ఊర్లో రాజులు యాడుండారు. తేళ్ళుండాయి," అంది. కుండ మీద మూత పెట్టింది. "నియమమంటే చెరపగూడదులే. మా గాచారం అట్లుండాది. పోయిరాండి."

అలా అనేసి పలక పక్కన కూర్చుంది. ఒక ముసలాయన చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం కేసి చూశాడు. ఇంత దూరం మోసుకొచ్చింది మా పాదాల కింద పడి పగిలిపోయినట్టు, పలక వెంట తిరిగిన ఆడవాళ్ళు మా వైపు చూడకుండా కూర్చున్నారు.

నేను శ్రీరంగప్ప గారి వైపు చూశాను. ఎన్నో ఊళ్ళలో ఆకలితో నకనకలాడుతూ నవ్విన మనిషి. ఆ నియమం తప్పగా ఎవరూ చూడలేదు. ఇప్పుడు తప్పకపోతే ఒక ఊరి వాన పోతుంది.

ఆయన పంచె ఎగ్గట్టుకుని, నింపాదిగా నడిచి, పలక ముందు గొంతుక్కూర్చున్నారు.

"ఈయన ఎవురమ్మా?"

"చెప్తి గదన్నా. వానరాజు."

"రాజే గదా? మంత్రి కాదు గదా?"

"రాజే."

"కుండలో గింజలు ఎవురిచ్చినారు?"

"ఊళ్ళో ప్రతి ఇల్లూ. ఉన్నోళ్ళు చేటెడు, లేనోళ్ళు పిడికెడు."

"మేము ఇయ్యము అంటే?"

"ఇయ్యకుండా ఎట్లుంటారన్నా! గడప ముందర పలక దించినామంటే ఇచ్చేదే."

"ఇప్పుడు పెట్టేదెవురికి?"

"అందరికీ."

శ్రీరంగప్ప గారు నా వైపు తిరిగారు. "సారూ, మీరు చదువుకున్నోళ్ళు. రాజధానంటే ఏంది? పుస్తకంలో ఉండేది చెప్పండి."

"రాజు ఉండే చోటు," అన్నాను. "నలుమూలల నుంచీ పన్నులు వచ్చి చేరే చోటు."

"చాలు," అని లేచారు. చెంబుతో నీళ్ళు అడిగి తీసుకుని, నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, పుక్కిట తిప్పి, మింగారు. బిజాపూర్‌లో కంటే ఎక్కువసేపు మౌనంగా ఉన్నారు. ఆ తర్వాత ప్రకటించారు. "ఇది రాజధాని."

ఎర్రిస్వామి గారు ఉలిక్కిపడ్డారు. "ఏమప్పా శ్రీరంగప్పా, కదిరికి లేని యోగం దీనికెట్ల వస్తాది? మట్టిబొమ్మ రాజెట్లయితాడు?"

"మనము ఇన్నేండ్లు చూసొచ్చిన రాజులంతా ఇప్పుడేమైనారప్పా? మట్టే గదా? ఈయన ముందే అయి కూర్చున్నాడు, అంతే తేడా." ఒక్క నిమిషం ఆగి మళ్ళీ అన్నారు. "పన్నులు వచ్చేది యాడైనా ఉంటాది. వచ్చింది వచ్చినట్టు అదే కుండలో ఉడకబెట్టి, ఇచ్చినోనికీ ఇయ్యనోనికీ పెట్టే రాజధాని నువ్వు యాడ చూసినావు? పేపరు రోజూ చదువుతావు గదా, చెప్పు."

పేపరు రోజూ చదివే ఎర్రిస్వామి గారు చేతిసంచి మూతి బిగించుకున్నారు.

"ఇంగ రాజధాని అని తేలినాక తిండి కాదంటే రాజద్రోహమని మన వ్యానులో అందరికీ తెలుసు," అన్నారు శ్రీరంగప్ప గారు. "కూర్చోండి."

మావాళ్ళు కూర్చోబోయారు. చెన్నమ్మ గబగబా మూత తీసింది. శ్రీరంగప్ప గారు కుండలోకి చూశారు. చుట్టూ ఉన్న ఊరి జనాన్ని చూశారు. మా వ్యాను జనాన్ని చూశారు. చెయ్యెత్తి ఆపారు.

"ఉండండప్పా. రాజు ముందర వట్టి చేతులతో కూర్చుంటారా యాడన్నా? కప్పం కట్టల్ల. ఎవురి దగ్గర ఏముండాదో తెచ్చి పలక ముందర పెట్టండి. తర్వాతే ముద్ద."

"ఏముంటాది మా దగ్గర? నువ్వే గదా ఏమీ తేవద్దంటివి," అన్నారొకరు.

"అవును. అందుకే అందరి దగ్గరా ఉంటాది," అన్నారాయన.

ఆ తర్వాత జరిగింది చూస్తే, మా వ్యాను ఇన్నేళ్ళూ ఎంత పెద్ద కుట్రను మోసుకు తిరిగిందో అర్థమైంది. సీట్ల కింది నుంచి చక్కిలాలు వచ్చాయి. చీరల మడతల్లోంచి బెల్లం వేసిన వేరుశనగ ఉండలు వచ్చాయి. పీర్ మహమ్మద్ స్పేరు టైరు తీసి, దాని వెనక నుంచి హంపి అరటిగెల ఒకటి బయటపెట్టాడు. చివరికి హనుమంతమ్మ గారు కొంగు సర్దుకుని, పెద్ద టిఫిన్ క్యారియరు నిండా ఓళిగలు, అదే బొబ్బట్లు, తెచ్చి పలక ముందు దించారు. శ్రీరంగప్ప గారు నోరు తెరిచారు.

"ఇదేంది హనుమంతమ్మా, నువ్వు గూడానా?"

"నీ రాజధానుల్లో నీకు కడుపు నిండుతాది. నాకు నిండుతాదా? ఎప్పుడన్నా అడిగినావా?"

"ఎర్రిస్వామీ, ఇంగ నీదే బాకీ," అన్నారు శ్రీరంగప్ప గారు మాట మార్చి.

"నా దగ్గర ఫైళ్ళే," అన్నారు ఎర్రిస్వామి గారు.

"ఆ ఫైలు నుంచి ఇంగువ తాళింపు వాసన వస్తాంది. దించు."

పులిహోర డబ్బా కూడా రాజు ముందుకు చేరింది. చెన్నమ్మ చూస్తూ ఉండిపోయింది. పిల్లలు మాత్రం చూస్తూ ఉండిపోలేదు.

ఇంకొక శాసనం కూడా వెలువడింది. పరదేశులకు ఒక్క ముద్ద మాత్రమే. రెండో ముద్ద నుంచి అంతా ఊరివాళ్ళదే. ఇది రాయల కాలం నుంచీ వస్తున్న పద్ధతని శ్రీరంగప్ప గారు సెలవిచ్చి, సాక్ష్యం కోసం నా వైపు చూశారు. అలాంటి పద్ధతి నేను ఏ శాసనంలోనూ చదవలేదు. గంభీరంగా తల ఊపాను. చరిత్ర అభ్యంతరం చెప్పలేదు.

చెన్నమ్మ ఒక్కొక్కరి చేతిలో సంగటి ముద్ద పెట్టి, మీద పుల్లగూర పప్పు వేసింది. పొగ వాసన, పులుపు, మధ్యలో ఎవరింటిదో వేయించిన రాగుల రుచి. ఎర్రిస్వామి గారు కళ్ళు మూసుకుని, మందు మింగినట్టు మింగారు. కళ్ళు తెరిచారు. కుండ వైపు చూశారు.

"ఇంగొక్క ముద్ద..." అన్నారు.

"శాసనం ఒప్పుకోదు," అన్నారు శ్రీరంగప్ప గారు.

మేం ఊరు దాటేటప్పుడు చెన్నమ్మ వ్యాను పక్కన నిలబడి, ఒక్కొక్క కిటికీలోకీ తల పెట్టి అడిగింది. నువ్వు తింటివా, నువ్వు తింటివా అని. అందరూ తిన్నామన్నాకే దారి వదిలింది. ముఖం కడిగినట్టు తేటగా ఉంది ఆ మనిషి.

కొంతదూరం పోయాక పీర్ మహమ్మద్ అడిగాడు. "అన్నా, నిజ్జంగా అది రాజధానేనా?"

శ్రీరంగప్ప గారు కిటికీలోంచి బయటికి చూస్తూ వినబడనట్టు ఊరుకున్నారు. జవాబు హనుమంతమ్మ గారు చెప్పారు.

"రాజధానీ లేదు, దాని బొందా లేదు. పెండ్లైన కొత్తలో ఈయప్ప సైకిలుకు చీరల మూట కట్టుకొని ఈ పక్క పల్లెలన్నీ తిరుగుతాండె. అప్పుడూ ఇట్లే కరువు. ఏ ఇంట్లో మూట విప్పినా తినకుండా లేయనియ్యరు. పిల్లోళ్ళకని ఎత్తిపెట్టింది తెచ్చి ముందర పెట్టేది. తింటే వాళ్ళకు లేదు. వద్దంటే, మా ఇంట్లో తినేదానికి నీకు నామోషీనా అని కండ్లనీళ్ళు పెట్టుకునేది. ఏం జేయల్లో తెలీక ఒకనాడు నోటికొచ్చింది చెప్పినాడంట, నాకు మొక్కు ఉండాది, రాజధానిలో తప్ప తినగూడదని. వాళ్ళు పడీ పడీ నవ్వినారంట. ఎవురికీ నొప్పి తగల్లేదు. ఇంగ అదే పట్టుకున్నాడు."

"మరి కదిరి హోటల్లో తినొచ్చు కదండీ?" అన్నాను. "అది ఎవరి పిల్లల కూడూ కాదు."

"నేనూ అదే అంటి సారూ. హోటల్లో తింటే ఎవురో ఒకరు చూస్తారు, పల్లెల్లో చెప్తారు, మొక్కు అబద్ధమని తెలిసిపోతాది అంటాడు. తెలిస్తే మళ్ళా కండ్లనీళ్ళు."

శ్రీరంగప్ప గారు ఇటు తిరగకుండానే అన్నారు. "ఆడోళ్ళకు చరిత్ర తెలీదు సారూ. మీరు నమ్మొద్దు."

వాన ఆ రోజు రాలేదు. వచ్చినప్పుడు కూడా ముందు ధర్మవరంలో కురిసింది, అక్కడ ఎవరూ అడగలేదు. ఆఖరికి ఎర్రబండపల్లికి కూడా వచ్చింది. మట్టిరాజు కరిగి చేలోకి పోయాడనీ, వేరుశనగ బాగా ఊరిందనీ చెన్నమ్మ కబురు పంపింది. వాతావరణ శాఖవారు దానికి వేరే కారణాలు చెప్పారు.

కానీ ఆ ఒక్క తీర్పుతో శ్రీరంగప్ప గారు తాను ఇన్నేళ్ళూ కట్టుకున్న కోటను తానే పడగొట్టుకున్నారు. ఎర్రబండపల్లి రాజధాని అయిందన్న వార్త చుట్టుపక్కల పాకింది. మట్టిరాజు లేని పల్లె ఆ జిల్లాలో ఏది? చీరల పనిమీద ఆయన ఏ ఊళ్ళో దిగినా ఇక మజ్జిగతో వదిలేవాళ్ళు లేకపోయారు.

శనక్కాయలు పెరికిన తర్వాత ఒక ఆదివారం నాడు ఎర్రబండపల్లి పక్క ఊరి పెద్ద తిప్పయ్య, ఇంకో నలుగురితో కలిసి, శ్రీరంగప్ప గారి వసారాలో కూర్చున్నాడు. నన్ను కేకేశారు. వెళ్ళేసరికి శ్రీరంగప్ప గారు మూలకు ఒదిగి ఉన్నారు.

"చెన్నమ్మోళ్ళ ఊరు రాజధాని అయితే మా ఊరు గూడా రాజధానే," అంటున్నాడు తిప్పయ్య. "మా రాజుకు మీసాలు గూడా ఉండాయి. వాళ్ళ రాజుకు ముక్కే లేదు. ఆడ తిని మా ఊర్లో తినకుంటే మాకెంత తలవంపులు? ఈ పొద్దు నువ్వు రావాల్సిందే అన్నా."

శ్రీరంగప్ప గారు ఆశగా నన్ను చూశారు. "సారూ, మీరు చరిత్ర చదివినోళ్ళు. వీళ్ళకు చెప్పండి. ఆ ఊరు ఎవురి రాజధానీ కాదు గదా?"

నేను కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను. "తిప్పయ్యా, ఈ ఏడు మీ ఊళ్ళో గింజ ఎట్లా ఉంది?"

"మీ దయ సారూ. ఏ ఇంట్లోనూ గాదె వట్టిగా లేదు."

"ఇవాళ వంటేమిటి?"

"నాటుకోడి పులుసు, రాగిసంగటి, అలసంద వడలు. ఆడోళ్ళు తెల్లవారకముందే పొయ్యి వెలిగించినారు."

"నాకు తెలిసిన చరిత్ర ప్రకారం," అన్నాను, "మీ ఊరు ముమ్మాటికీ రాజధానే."

"సారూ!" అన్నారు శ్రీరంగప్ప గారు బాధగా. ఇన్నేళ్ళలో నా అభిప్రాయం చెల్లుబాటైంది అదే మొదటిసారి. ఆయన ఇంకేదో వాదించబోయారు గానీ, హనుమంతమ్మ గారు అప్పటికే ఇంటికి తాళం వేస్తున్నారు.